గొడ్లసావిట్లో విస్తరి

ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది. మండదా మరి? ఇన్నేళ్ళుగా తనతో కలిసి సేద్యం చేసిన నా మొగుడు వీరాస్వామికి, తన కూతురి పెళ్ళిలో బుల్లియ్య గొడ్లసావిట్లో విస్తరి వేయించాడు!

మాకొక ఎద్దు, వాళ్ళకొక ఎద్దు. రెండింటినీ ఒకే కాడికి కట్టి వాళ్ళ చేనూ మా చేనూ దున్నుకునేవాళ్ళం. దాన్నే పొత్తు అంటారు. పొత్తంటే అసలు ఒకే కంచంలో తినడమనీ, సేద్యంలో పొత్తు ఆ తరవాత వచ్చిందనీ మా మావగారు చెప్పేవారు. వీళ్ళిద్దరూ అలాగే బతికారు. నిరుడు మేము బాప్తిస్మం తీసుకున్నాక కూడా, నేను చేలోకి తెచ్చిన చద్దన్నం ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. అక్కడ చూసేవి కొంగలే కదా!

పెళ్ళిలో మాత్రం చుట్టాలు చూస్తారట. మా ఆయన తలొంచుకుని గొడ్ల మధ్య తిని వచ్చాడు. నేను ముద్ద ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే బుల్లియ్య ఏమీ ఎరగనట్టు కాడి భుజాన వేసుకుని వచ్చాడు. కాలవకు నీళ్ళు వదిలారు, నారు ముదిరిపోతోంది. ఎద్దు ఇవ్వకపోతే వాళ్ళ చేనూ, మా చేనూ కూడా బీడే. మా పిల్లల ఏడాది తిండి అందులోనే ఉంది. అది తెలిసే అడ్డం నిలబడ్డాను.

"మా ఎద్దు కూడా కిరస్తానంలో కలిసిందండీ అన్నయ్యగారూ! మీ ఎద్దు పక్కన కట్టొచ్చో లేదో మీ చుట్టాల్నడిగి రండి."

"ఊరుకో చెల్లెమ్మా. పదిమందిలో నన్నేం చెయ్యమంటావు?"

"పోనీ ఇప్పుడు చెయ్యండి. అరుగు మీద కంచం పెడతాను. మీరిద్దరూ కలిసి నాలుగు ముద్దలు తినండి. ఎద్దుని నేనే విప్పి తోలిస్తాను."

బుల్లియ్య వీధి వైపు చూశాడు. నీళ్ళకు పోయే ఆడవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు. గొంతు తగ్గించి, "లోపల పెట్టమ్మా, తింటాను" అన్నాడు.

ఛీ! ఏం మనిషి!

మా ఆయన అప్పటిదాకా ఎద్దు పలుపు విప్పుతున్నాడు. ఆ మాట విని ఆగాడు. పలుపు మళ్ళీ రాటకు ముడేశాడు.

"ఒరే వీరాస్వామీ, నారు ముదిరిపోతోందిరా!"

"తెలుసురా. పారతో తవ్వుకుంటాను."

ఆయన పార తీసుకున్నాడు. పక్కింటి పార అడిగి తెచ్చుకుని నేనూ వెనకే నడిచాను.

మిట్టమధ్యాహ్నం గట్టు మీద ఆయనకు చద్దన్నం పెట్టాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన తిన్నాకే నేను తినడం. ఆవేళ ఆయన పక్కకు జరిగి, కంచం నా వైపు తోశాడు.

"కూర్చో సూరమ్మా. నువ్వూ తిను."

దారిన పోయేవాళ్ళంతా చూశారు. చూడనీ.