అప్పమ్మ భుజాన అరకులోయ

రామమ్మకి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: కూతురు హైమ తనని కాదని, తోటికోడలు అప్పమ్మని అమ్మా అంటుందేమోనని.

అప్పమ్మకి పిల్లల్లేరు. ఐదేళ్ళ హైమకి పెద్దమ్మంటే ప్రాణం. ఆ వేసవిలో అప్పమ్మ అరకులోయలోని పుట్టింటికి బయల్దేరుతూ, "జలపాతాలు చూపిస్తాను, పిల్లని పంపవే" అంది. రామమ్మకీ వెళ్ళాలనే ఉంది. కానీ తన చంటోడికి ఇంకా రెండో నెలే; మూడు నెలలు నిండేదాకా చంటిబిడ్డని ఏరు దాటించకూడదని ఆ ఇంటి ఆచారం. కలకత్తా గార్డెన్ రీచ్‌లోని వాళ్ళింటి నుంచి హౌరా స్టేషనుకి పోవాలంటే గంగ దాటాలి కదా! చంటోణ్ణి ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

నాలుగో రోజు బూత్‌కి వెళ్ళి, అప్పమ్మ అన్న మల్లేశు కొట్టుకి ఫోన్ చేసింది.

"అమ్మా! కొండముచ్చు నా అరటిపండు లాక్కుపోయింది! నెమల్ని చూసేను! పెద్దమ్మ నన్ను భుజానెక్కించుకుని వాగు దాటింది. రేపు పెద్ద జలపాతం!"

"నేను గుర్తొస్తన్నానా?"

"పెద్దమ్మకి ఇస్తన్నాను, మాటాడు."

అప్పమ్మ ఒకటే నవ్వు. "ఏటే రామీ, నీ కూతురు నన్నొదల్దు. ఇక్కడే ఉంచేసుకుంటాను, ఏటంటావు?"

సరదాకే అంది. రామమ్మకి మాత్రం నిజంలాగే వినబడింది. చంకలో చంటోడు ఊఁ ఊఁ అంటూ ఆడుకుంటున్నాడు.

"చంటోడికి ఒళ్ళు కాలిపోతందక్కా. రేపే వచ్చీండి" అంది.

పాపం, అప్పమ్మ నమ్మేసింది. తెల్లారి మొదటి జీపు అందుకోవాలని, వానకి తడిసిన మెట్ల మీద పిల్లనెత్తుకుని పరుగెత్తి జారిపడింది. పిల్లని గుండెకి అదుముకునే పడింది. హైమకి గీతైనా పడలేదు. అప్పమ్మ కాలు విరిగింది.

మల్లేశు ఇద్దర్నీ రైల్లో తీసుకొచ్చాడు. కట్టు కాలితో గార్డెన్ రీచ్ ఇంటి మేడమెట్లు ఎక్కలేక అప్పమ్మ హౌరాలో చెల్లెలు నారాయణమ్మ ఇంట ఉండిపోయింది. ఇంటికొస్తూనే హైమ తమ్ముడి నుదురు తాకింది.

"జ్వరమేదే?"

"తగ్గిపోయింది."

"అయితే జలపాతం చూసొచ్చేవాళ్ళమే!" అని గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం కూడా ముట్టలేదు.

అప్పటినుంచీ రోజూ పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్ళమని ఒకటే పోరు. రామమ్మ రోజుకో సాకు చెబుతోంది. వెళ్తే అప్పమ్మ మొహం చూడాలి. చూశాక పిల్ల తిరిగొస్తుందో, రాదో.

హౌరా వైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, నారాయణమ్మ ఇంట్లో అప్పమ్మని ఒక్కసారి చూసి రండి. కాలు నేల మీద పెడుతోందేమో కనుక్కోండి. చంటోడికెలా ఉందని ఆవిడే ముందు అడుగుతుంది. బాగున్నాడని చెప్పండి, అంతే.