పదకొండు వేల నాణెం

లాలాగూడ చర్చిలో కోత పండుగ వేలంలో సొరకాయకు ఐదువందలు పలికినా ఎవరూ ఆశ్చర్యపోరు. అది కాయ ధర కాదు, దేవుడికిచ్చే కానుక. పాడినవాళ్లు డబ్బు కట్టి, కాయ ఇంటికి తీసుకెళ్లి పులుసు పెట్టుకుంటారు. పిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతిని 2007లో ఒక్క వస్తువు విషయంలో అందరూ మరిచిపోయారు.

ఆ వస్తువు డేవిడ్ రాజు వేలానికి ఇచ్చిన వెండి డాలరు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అతను. కంపెనీ పని మీద అమెరికా వెళ్లినప్పుడు ఒక్కటి కొని తెచ్చుకున్నాడు. గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించి ఉంది. పైన ఎర్ర చీటీ: నాణ్యతకు డెబ్బైకి డెబ్బై మార్కులు, విడుదలైన తొలిరోజు నాణెం అని. కోళ్లకూ గుమ్మడికాయలకూ ఎగబడ్డ జనం దాన్ని చూసి గమ్మునుండిపోయారు.

"డబ్బాతో సహానా, డబ్బా వేరేనా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. డేవిడ్ రాజు చెవులు ఎర్రబడ్డాయి. పక్కన అతని భార్య క్యారల్ తల దించుకుంది.

రైల్వే వర్క్‌షాపు స్టోర్స్‌లో పనిచేసి రిటైరైన యెషయాకు నాణేలు పోగేయడం నలభై ఏళ్ల అలవాటు. అందులో ఆరువందల వెండికి మించి లేదని ఆయనకు తెలుసు. కానీ ఆయన భార్య రోసమ్మ ఆఖరి రోజుల్లో, ఎవరూ అడక్కుండానే ఆసుపత్రికి వచ్చి రెండుసార్లు రక్తమిచ్చి, మంచం పక్కన కూర్చుని బత్తాయి తొనలు ఒలిచిపెట్టినవాడు ఈ డేవిడ్ రాజే. యెషయా చెయ్యెత్తాడు.

"పదకొండు వేలు."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం ఆయనకు హాయిగా అనిపించింది.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, మిషన్ స్కూల్లో టీచరుగా రిటైరైన ప్రేమమణి ఆయన్ని గేటు దగ్గర ఆపింది.

"అన్నయ్యా, పీఎఫ్ డబ్బులు వచ్చాయి. డేవిడ్ రాజు దగ్గర ఎర్రచీటీ నాణేలు ఇరవై తీసుకుంటున్నా. ఒక్కోటి పన్నెండు వేలు. రేపు చెక్కు ఇస్తా."

"నీకెందుకమ్మా అవి?"

"చాల్లెండి. తమరు తెలిసినవారు గనక ముందే పట్టేశారు. మాకైతే ఎందుకా?" అని నవ్వింది. "ఘట్‌కేసర్‌లో ప్లాటు అమ్మి మరీ అరవై తెప్పించాడట ఆ అబ్బాయి. ఊరికే తెప్పిస్తాడా?"

యెషయా ఆమెకు దగ్గరగా జరిగి గొంతు తగ్గించాడు.

"నేను చెప్పేదాకా ఆగు తల్లీ. చెక్కు రాయకు."

తన అంచనాయే తప్పేమో, ఆ చీటీకి నిజంగానే విలువుందేమో. ఆ ఆశతో మర్నాడు తన నాణెం తీసుకుని జనరల్ బజార్ వెళ్లాడు. పాత నాణేల వ్యాపారి బిక్షం పలకను అటూ ఇటూ తిప్పాడు.

"మార్కులు అబద్ధం గాదు సారూ. నాణెం మస్తుగుంది. గానీ కొత్తయి లచ్చల్ల కొడ్తరు, అన్నీ గిట్లనే మెరుస్తయ్. అమ్మెటోడు చీటీకి పైసలు తీస్కుంటడు. మళ్ల కొనెటోడు దొరకాలె గద. నేనైతే ఏడొందలిస్త. అది సుత మీ మొఖం జూసి."

"ఇంకెక్కడా గిరాకీ ఉండదా?"

"ఆ దేశంల ఉంటదేమో, జెరంత. పన్నెండు వేలంటే నేనెన్నడు వినలే. గా ధర ఎవరు జెప్పిన్రు మీకు?"

యెషయా నాణెం జేబులో పెట్టుకుని లేచాడు.

అక్కడినుంచే ప్రేమమణికి ఫోన్ చెయ్యొచ్చు. కానీ నలుగురికీ తెలిసేలోపు ఆ అబ్బాయికి చెప్పాలనిపించి, డేవిడ్ రాజు ఉండే కార్ఖానా పేటకు ఆటో ఎక్కాడు.

రాత్రి షిఫ్టు చేసొచ్చిన డేవిడ్ రాజు అద్దె ఇంట్లో మంచం నిండా పలకలు పరిచి కూర్చున్నాడు. క్యారల్ టీ తెచ్చింది. చక్కెర వెయ్యలేదు, ఆయనకు షుగరని గుర్తుపెట్టుకుంది. యెషయా కప్పు అందుకుని పక్కన పెట్టాడు.

"కరెక్టు టైమ్‌కి వచ్చారంకుల్. ప్రేమమణి ఆంటీకి మంచివి మీరే ఏరిపెట్టండి."

"డేవిడ్, ఈ ధర నీకెవరు చెప్పారు?"

"మీరే కదంకుల్. మీకంటే తెలిసినవాళ్లెవరున్నారు మనలో?"

ఇంతలో ఫోన్ మోగింది. "ఆ, రెడీ ఆంటీ. అంకుల్ ఇక్కడే ఉన్నారు, దగ్గరుండి చూస్తున్నారు. మాట్లాడండి," అంటూ ఫోన్ యెషయా చేతిలో పెట్టాడు.

"మీరక్కడే ఉన్నారంటే నాకింక ధైర్యం అన్నయ్యా. ఇప్పుడే చెక్కు రాశా. పంపించనా?"

"వద్దమ్మా. చింపెయ్."

"అదేంటి? మరి మీరెందుకు పాడారు పదకొండు వేలకు?"

డేవిడ్ రాజు ఎదురుగానే ఉన్నాడు. యెషయా కిటికీ వైపు తిరిగాడు.

"అది కానుక ప్రేమమణీ. ధర కాదు. అబ్బాయి చిన్నబోకూడదని పాడాను. దాని ఖరీదు ఏడొందలు."

అవతల కాగితం చిరిగిన చప్పుడు వినిపించింది. ఆ ఒక్క చప్పుడుకి యెషయా దేవుణ్ణి తలుచుకున్నాడు.

డేవిడ్ రాజు ఫోన్ వెనక్కి తీసుకోలేదు. పలకలను ఒకదానిమీద ఒకటి, చీటీలన్నీ ఒకవైపే వచ్చేలా పేర్చసాగాడు. సగంలో ఆగిపోయాడు.

"చిన్నబోకూడదనా," అన్నాడు.

క్యారల్ గుమ్మంలోనే నిలబడి ఉంది. "మా ఘట్‌కేసర్ ప్లాటు కొన్నవాళ్లు రేపు పునాది తవ్విస్తున్నారంకుల్," అంది మెల్లగా. "ఆపమని ఎవరికి చెప్పాలి?"