పిట్టలు వాలని కాకముష్టి

నలభై ఏళ్లుగా మేకలు కాస్తున్నాను. మా గుట్ట మీద ఏ చెట్టు ఎప్పుడు చిగురిస్తుందో, ఎప్పుడు ఆకు రాలుస్తుందో ఈ గాలయ్యనే అడగాలని నాకు మహా గర్వం. ఆ గర్వం మీద మన్ను పడ!

గుట్ట నడుమ రెండు బండల సందుకు అడ్డంగా ఒక కాకముష్టి చెట్టుంది. నాకు రెండింతల ఎత్తు కూడా ఉండదు. ఏటా ఆకు రాలే ముందు దానికి చిన్న చిన్న పండ్లు పండుతాయి. అప్పుడు గుట్ట మీది పిట్టలన్నీ దాని మీదే. ఈ ఏడాది పండ్లు విరగకాశాయి గానీ ఒక్క పిట్టా వాలలేదు. వచ్చినవి పైన చుట్టూ తిరిగి, కీచుమని అరిచి పోతున్నాయి. సందులో చిరుతపులి చేరిందనుకున్నాను.

ఊళ్లో రోజులు కూడా బాగాలేవు. వెట్టికి రానని దొర మనిషి చేతికర్ర విరగ్గొట్టి మా ఊరి ఏసోబు పారిపోయి పది రోజులైంది. దొరికితే కాల్చేస్తామని దొర గడీ జవాన్లు ఇల్లిల్లూ వెతికారు. వాడు ఎప్పుడో సరిహద్దు దాటి బెజవాడ చేరి ఉంటాడని నేను నిజంగానే నమ్మాను.

ఆ పొద్దున ఏసోబు భార్య బిక్షమ్మ గంప నెత్తిన పెట్టుకుని గుట్టదారి పట్టింది. ఊరి చివర ఒక జవాను బండ మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. మేకలను తోలుకుపోతూ ఆమెను ఆపాను.

"బిడ్డా, గా బండల దిక్కు పోకు. చిరుత ఉన్నది."

"కట్టెలకు పోతున్న మామా. నాకేం గాదు."

"నా మాట ఇను. కాకముష్టి నిండ పండ్లున్నయ్. పది దినాల సంది ఒక్క పిట్ట వాలుతలేదు. ఊకనే చెప్తున్ననా?"

ఆమె ముఖం పాలిపోయింది. "జర మెల్లగ, మామా" అంది. పులికి భయపడిందనుకుని, ధైర్యం చెబుదామని గొంతు ఇంకా పెంచాను.

జవాను బీడీ పారేసి లేచాడు.

"ఏం ముసలోడా, మేకలెన్ని పోయినయ్?"

"ఒక్కటి గూడ పోలే."

"మరి పది దినాల సంది పులి ఏం తిని బతుకుతాంది?"

అతను బిక్షమ్మ గంప మీది గుడ్డ లాగాడు. అడుగున జొన్నరొట్టెలు, నీళ్ల బుర్ర. ఈల వేసి మిగతా జవాన్లను పిలిచాడు.

"మామా, పులే ఉన్నదని చెప్పు! గట్టిగ చెప్పు!" అని బిక్షమ్మ నా చెయ్యి పట్టుకుంది.

చెప్పాను. అరిచి చెప్పాను. అప్పటికే వాళ్లు గుట్ట ఎక్కుతున్నారు.

తుపాకీ రెండుసార్లు పేలింది.

పొద్దు వాలేలోగా కాకముష్టి మీద కొమ్మ కనబడకుండా పిట్టలు వాలాయి. పండ్లు తింటున్నాయి.