బావగారి కోటు

దేవుడు మా బావగారితోనే ఎందుకు మాట్లాడతాడన్నది నా ఏళ్లనాటి సందేహం. మా ఇంట్లో ఎవరు ఏం తలపెట్టినా ముందు మా ఆయన అన్నగారిని అడగాలి. ఆయన ప్రార్థన చేసి, కళ్లు మూసుకుని వాక్యగ్రంథం తెరిచి, పేజీ మీద వేలు పెడతారు. వేలు ఏ మాట మీద పడితే అదే దేవుని చిత్తం. మా ఆయన ఉద్యోగం మారతానన్నప్పుడూ, మా తోటికోడలు అక్క ఈత నేర్చుకుంటానన్నప్పుడూ ఆ వేలే వద్దంది. బావగారి భక్తిని నేను శంకించను. కాని ఆయనకు ఇష్టంలేని జవాబు ఒక్కసారైనా రావద్దూ?

నేను దర్జీని. చిరుగులు కుట్టడం, పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం నా పని. మగవాళ్ల కోట్లు కుట్టే దుకాణం పెట్టాలని నా కోరిక. అందుకు మా వీధిగది చాలు. అందులో బావగారి పడక్కుర్చీ తప్ప ఏమీ లేదు. చాలాకాలంగా పొద్దున్నే మిషను ముందు కూర్చుని అడుగుతున్నాను: "ప్రభువా, ఇది నా గొప్ప కోసమైతే ఆపు." కోరిక చావలేదు సరికదా, చేతులు ఊరుకోవడం మానేశాయి.

ఒక ఆదివారం భోజనాలయ్యాక గది అడిగాను. బావగారు వేలు పెట్టి కళ్లు తెరిచారు. దేవుని గుడారానికి తెరలు ఎలా చేయాలో చెప్పే చోట పడింది.

"చూశావా అమ్మాయ్, తెర! ఆడమనిషి తెర వెనకే ఉండాలని. దుకాణం వద్దు."

అక్క పళ్లేలు తీస్తూ, "నా ఈతకి ఎడారి వచ్చింది. నీకు తెరైనా వచ్చింది, నయం," అంది.

మరో రోజైతే తలొంచుకుని లేచేదాన్ని. ఆ రోజు లేవలేదు. గ్రంథం నా వైపు తిప్పుకుని కిందికి చదివాను. పొడవు ఇంత, వెడల్పు ఇంత, ఏ ముక్కకు ఏ ముక్క కలపాలి, ఏది దేనికి ఎదురుగా రావాలి. చదువుతుంటే నవ్వొచ్చింది.

"బావగారూ, ఇదంతా కుట్టుపనండీ! దేవుడు కొలతలు చెప్పి మరీ కుట్టించుకున్నాడు."

"అయితే నీకు అనుమతి వచ్చేసిందంటావా?"

"అనను. వేలు పడ్డచోట నాకు కావలసింది ఏరుకుంటే నేనూ మీలాగే చేసినట్టవుతుంది. నేను దేవుణ్ణే అడుగుతున్నాను. ఆయన ఆపితే ఆగుతాను. మీ వేలు ఆపితే ఆగను."

మంచినీళ్లు తాగుతున్న మా ఆయనకు పొలమారింది. బావగారి చెవులు ఎర్రబడ్డాయి.

"కోట్ల దుకాణమట! ఎన్నేళ్ల కిందో నేనిచ్చిన కోటుగుడ్డ ఇంకా నీ పెట్టెలోనే మూలుగుతోంది. ముందు ఆ బాకీ తీర్చు. గది సంగతి తర్వాత."

నిజమే. ఆ ముదురునీలం గుడ్డకు కత్తెర పెట్టాలంటే నాకు భయం. సుద్దగీత తప్పితే దులిపేయొచ్చు, కత్తెర తప్పితే అంతే సంగతులు.

మర్నాడు గుడ్డ బల్ల మీద పరిచాను. బావగారి చొక్కాలన్నీ సరిచేసేది నేనే కనుక కొలతలు తెలుసు. సుద్దతో గీసి, "ప్రభువా, ఇదీ నా ఆలోచన. తప్పైతే ఇప్పుడే చెప్పు, ఇంకా దులపొచ్చు," అన్నాను. కాసేపు ఊరికే కూర్చున్నాను. ఏ స్వరమూ వినబడలేదు. భుజం గీత మాత్రం తేడాగా కనిపించింది. బావగారి కుడిభుజం కాస్త కిందికి ఉంటుంది, మరిచిపోయాను. దులిపి మళ్లీ గీశాను. చూపించింది దేవుడో, అలవాటుపడ్డ నా కన్నో, ఇప్పటికీ తేల్చుకోలేదు. కత్తెర అందుకున్నాను.

కోటు పూర్తయ్యాక వీధిగదిలోకే తీసుకెళ్లి తొడిగాను. అక్క అద్దం పట్టుకుంది. భుజాలు కుదిరాయి, మెడ దగ్గర ముడత లేదు. ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని బావగారు అటూ ఇటూ తిరిగారు. చివరికి కుడిచెయ్యి పైకెత్తి, నా ముఖం ముందు వేలు ఆడిస్తూ, "చెయ్యి పొట్టిగా ఉంది!" అన్నారు.

"వేలు దించండి బావగారూ, సరిపోతుంది."

దించారు. సరిపోయింది. అక్క నవ్వుకి అద్దం ఊగింది.

ఆయన ఆ ఊగే అద్దంలోనే చాలాసేపు చూసుకున్నారు. తర్వాత కోటు విప్పకుండానే పడక్కుర్చీ మడిచి చంకన పెట్టుకున్నారు.

"నీ బాకీ తీరిందమ్మాయ్," అంటూ దాన్ని లోపలికి తీసుకుపోయారు.