లిస్టులో లేని పోలిక

"ఇంటికి దీపం ఇల్లాలన్నారు పెద్దోళ్లు. దీపం ఆఫీసుకు పోతే ఇల్లు చీకటి కాదా?" అన్నాడు సురేంద్ర, మూడో దోసెకు ప్లేటు చాపుతూ. హరిత పెనం ముందు నిలబడి ఉంది. ఆరు నెలలుగా చేస్తున్న తాత్కాలిక ఉద్యోగాన్ని పర్మనెంటు చేస్తామన్నారు, ఈరోజే ఆఖరు, సంతకం పెట్టనా అని ఆమె అడిగినదానికి మొగుడుగారి జవాబది. అత్త లక్ష్మీదేవి వంత పాడింది. "ముచ్చట తీరింది గదమ్మా, ఇంక చాల్లే."

తీపిమాటలకు ఆ ఇంట్లో కొదవ లేదు. పెళ్లిచూపుల్లో బంగారు బొమ్మ అన్నారు. కాపురానికి వచ్చాక మహాలక్ష్మి అన్నారు. కిందటేడు టైఫాయిడొచ్చి మంచాన పడితే మాత్రం ఆ మహాలక్ష్మికి గ్లాసెడు గంజి కాచిచ్చిన పాపాన ఎవరూ పోలేదు. "ఇల్లు చూసే దిక్కు లేకుండా పోయింది" అని మూడోరోజే సురేంద్ర విసుక్కున్నాడు. ఆ మాట తలుచుకుంటే హరితకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

బోరబండ నుంచి ఆటోలో ఇరుక్కుని, మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య కొత్తగా లేచిన అద్దాల మేడకు చేరింది. అక్కడ ఓ చిన్న కంపెనీ సినిమా పాటలన్నీ సీడీకి ఎక్కిస్తోంది. ప్రతి పాటా చదివి, నాయికను దేనితో పోల్చారో లిస్టులోంచి ఏరి పెట్టడం హరిత పని. వెన్నెల పాటలు కావాలన్నవాళ్లకు వెన్నెల పాటలే దొరకాలి మరి. లిస్టులో ఇరవై రెండు పోలికలు. పువ్వు, పండు, వీణ, చిలక, దీపం...

మొదట్లో కూనిరాగం తీస్తూ చేసేది. వెయ్యి పాటలు దాటేసరికి రాగం ఆగిపోయింది. పువ్వును ఎవరో కోస్తారు, పండును ఎవరో తింటారు, వీణను ఎవరో మీటుతారు. నాయకుడేమో సూర్యుడు, సముద్రం, వేటగాడు. వెయ్యి పాటల్లో ఒక్క దీపమూ నాకు అలసటగా ఉందనలేదు.

ఆ రోజు చేతికొచ్చిన పాటలో ఒకావిడ నాట్లేసి గట్టుమీద కూర్చుని, నడుము నొస్తోందంటుంది. అంతే, పోలికే లేదు. హరిత గడి ఖాళీగా వదిలేసింది. పైఆఫీసరు మధుకర్ వెంటనే వచ్చాడు.

"హరితమ్మా, గిట్ల ఖాళీ పెడితే కంప్యూటర్ తీస్కోదు. పువ్వు అని పెట్టుండ్రి, ఏంబోయింది?"

"పువ్వు కాదు సార్. ఆమెకు నడుము నొస్తాంది. మనిషి అని పెట్టాల."

"అది లిస్టుల లేదు కదా!"

"లేదనే అడుగుతాండా."

మధుకర్ తల గోక్కున్నాడు. "లిస్టు మార్చాల్నంటే పర్మనెంటోళ్లకే ఇజాజత్ ఉంటది. మీ కాగితం నా టేబుల్ మీదనే ఉన్నది. సంతకం పెడ్తరా మరి?"

హరిత అతని వెనకే నడిచింది. సాయంత్రం ఇంట్లో చూడాల్సిన మొహాలు గుర్తొచ్చాయి. అయినా సంతకం పెట్టింది. తిరిగొచ్చి లిస్టు అడుగున ఇరవైమూడోదిగా 'మనిషి' అని టైపు చేసింది. తర్వాత సురేంద్ర ఆఫీసుకు ఫోను కలిపింది.

"సంతకం పెట్టినా."

"నన్ను అడక్కుండానే?"

"పొద్దున అడిగినా. ఇప్పుడు చెప్తాండా."