ఫెల్డ్‌హెగ్ కంపెనీ నూరేళ్ల సభ

మనిషికి నూరేళ్లు నిండాయంటే ఏడుస్తారు, కంపెనీకి నిండాయంటే బీరు పోస్తారు. బెర్లిన్ గోడ కూలిన నాలుగేళ్లకు ఫెల్డ్‌హెగ్ స్ప్రింగుల కంపెనీకి నూరేళ్లు నిండాయి. చరిత్ర పుస్తకం రాసే పని ఆఫీసులో అందరికన్నా పాత మనిషి గెర్లిండ్ నెత్తిన పడింది.

మొదట గుర్రబ్బళ్లకు కమాను కట్టలు చేశారు, తర్వాత లారీలకు స్ప్రింగులు, ఆ తర్వాత కార్లకు షాక్ అబ్జార్బర్లు. ఇదంతా రాయడం తేలికే. పోయినవాళ్ల కళ్లు చారడేసి కదా, పాత యజమానులందరూ పుస్తకంలో దేవుళ్లైపోయారు. చిక్కంతా రెండో ప్రపంచయుద్ధ కాలంతోనే. అప్పుడు కొలిమి షెడ్డులో పనిచేసింది ఉక్రెయిన్ నుంచి రైళ్లలో పట్టుకొచ్చిన ఆడపిల్లలు. వాళ్లను కుక్కిన చెక్క పాకలు ఉన్నచోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు.

వాళ్లలో పరాస్కా అనే పిల్ల గురించి గెర్లిండ్‌కు తల్లి చెప్పింది, అదీ పోయేముందు. పని వేగంగా సాగాలని యంత్రానికున్న ఇనప అడ్డు తీసేయించారట. ఎర్రగా కాలిన కడ్డీ ఎగిరి ఆ పిల్ల ప్రాణం తీసింది. అడ్డు తీయించిన ఫోర్‌మన్ పేరు అలోయిస్. గెర్లిండ్ కన్నతండ్రి.

ఎనభై దాటిన అలోయిస్‌ను ఆమె ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు.

"అలాంటి పిల్లెవరూ నాకు గుర్తులేదే. సూపు చల్లారిపోతోంది, తిను."

అయినా ఆ పిల్ల గురించి ఆమె ఒక పేజీ రాసింది. యజమాని గుంట్రామ్ ఆ పేజీని నిలువునా కొట్టేశాడు.

"పండగపూట శవాన్ని లేపుతారా గెర్లిండ్ గారూ? కష్టకాలం గడిచింది అని ఒక్క ముక్క రాయండి, చాలు. మీ నాన్నగారికి బంగారు బ్యాడ్జీ ఇస్తున్నాం. ఆయన మొహం చూసైనా ఊరుకోండి."

అప్పటి యజమాని అయిన తన తాత చేయించిన పనిని ముసలి ఫోర్‌మన్ వెనక దాచేస్తున్నాడు, ఎంత తెలివో! గెర్లిండ్‌కు ఒళ్లు మండింది. కానీ చెబితే నాన్న పరువు ఊరందరి ముందూ పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల అసలు పుట్టనట్టే. పేజీ లేకుండానే పుస్తకం అచ్చయింది.

ఏటా జరిగే సభలో సూపు వడ్డించేముందు ఆ కంపెనీలో ఒక ఆచారం ఉంది. పనిలో ప్రాణం పోయినవాళ్ల పేరు, షెడ్డు, వయసు చదువుతారు. చదవడం ముగిసేదాకా అందరూ నిలబడే ఉండాలి, మధ్యలో కూర్చుంటే చచ్చినవాళ్లను అవమానించినట్టు. చాలా ఏళ్లుగా ఆ పేర్లు చదివేది గెర్లిండే.

ఆ రోజూ చివరి పేరు అయిపోయింది. ఆమె కాగితం మడిచింది గానీ వేదిక దిగలేదు.

"పరాస్కా. కొలిమి షెడ్డు."

అక్కడ ఆగిపోయింది. వయసు తల్లి చెప్పలేదు, తాను అడగలేదు. గుంట్రామ్ మొహం కందగడ్డలా అయింది, అయినా కూర్చునే ధైర్యం అతనికి లేకపోయింది. ఏం జరుగుతోందో తెలియక జనం ఒకరి మొహాలొకరు చూసుకుంటూ నిలబడ్డారు.

ముందు వరసలో, చక్రాల కుర్చీలోంచి అలోయిస్ గొంతు వినిపించింది.

"పదహారు."

గెర్లిండ్ మైకు దగ్గరికి వంగి, "పదహారేళ్లు" అని చదివింది. తండ్రి ఏడుస్తున్నాడు. ఆమెకు జాలి కలగలేదు. ఇన్నేళ్లూ ఆ పిల్ల గుర్తుండి కూడా తన ముందు సూపు తాగాడన్న కోపం ఒక్కటే కలిగింది.