ఊరిపెద్ద గారి గొల్లభామ వైద్యం

హేనం వైపు ఓ క్యాబేజీల ఊరికి పిల్‌గ్యు పెద్ద. పొద్దున్నే మైకు పట్టుకుని ఎవరి మురుగు ఎవరి చేలోకి పోతోందో, ఎవరు ఆరోగ్య పరీక్ష ఎగ్గొట్టారో ఊరంతా వినేలా కడిగేసే మనిషి. అలాంటివాడు నాలుగు నెలలుగా గడియ పెట్టుకుని మరీ స్నానం చేస్తుంటే, యాభై దాటాక సిగ్గొచ్చిందేమోలే అనుకుంది భార్య గుమ్రన్.

సిగ్గు కాదు, పులిపిర్లు. అవీ బయటికి చెప్పుకోలేని చోట. డాక్టరు దగ్గరికి పోతే పరువు పోతుందని, భార్యకు చెబితే నోరు లేస్తుందని, మొనగాడు వెళ్లి తల్లి దగ్గర మొరపెట్టుకున్నాడు. వాళ్ల భాషలో పులిపిరికీ గొల్లభామకీ ఒకటే పేరు, సమగ్వి. ఆ పేరున్న పురుగు చేత కొరికిస్తే ఆ పేరున్న కాయ రాలిపోతుందని ముసలామె లెక్క. చిన్నప్పుడు కొడుకు వేలి మీది పులిపిరి అలాగే పోయిందట. వేలికి పనిచేసింది ఇంకోచోట ఎందుకు పనిచెయ్యదు?

గుమ్రన్ నీళ్ల గొట్టం కోసం ప్లాస్టిక్ పందిరి వెనక్కి వెళ్లేసరికి, ఊరిపెద్ద ప్యాంటు మోకాళ్ల దాకా దింపుకుని, గొల్లభామను నడుం దగ్గర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏంటది అని అడిగింది.

"సమగ్వి," అన్నాడు.

పురుగునన్నాడో రోగాన్నన్నాడో ఆయనకే తెలియాలి. ఈలోగా పురుగు తన పని కానిచ్చింది, చూపించిన చోట కాదు, పక్కన. ట్రాక్టరు మీంచి జారానని చెప్పుకుంటూ వారం రోజులు కాళ్లు ఎడం చేసుకుని తిరిగాడు. ఊరు జాలిపడింది.

ఆ వారంలోనే గుమ్రన్‌కి సర్కారు వాళ్లు రెండేళ్లకోసారి చేసే పరీక్ష కాగితం వచ్చింది. గర్భసంచి మూతి దగ్గర కణాలు తేడాగా ఉన్నాయట. మొక్పో ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న ముక్క తీసి చూసి, ఇంకా క్యాన్సరు కాలేదని, వదిలేస్తే కావచ్చని, మూతి దగ్గర కొంత కోసి తీసెయ్యాలని చెప్పింది. గుమ్రన్ మొగుడి పులిపిర్ల సంగతి అడిగింది. ఈ వైరస్ ఒక్కటి కాదు, అన్నదమ్ములు చాలామంది ఉన్న వంశం అంది డాక్టరమ్మ. పులిపిర్లు లేపేవాళ్లు వేరు, వాళ్లు అల్లరే తప్ప ప్రాణం జోలికి రావడం అరుదు. ప్రమాదమైనవాళ్లు బయటికి కాయ కూడా చూపించరు. చాలామందిలో ఒళ్లే తరిమేస్తుంది. తరమలేకపోతే ఏళ్ల తరబడి అక్కడే ఉండి, కణానికి ఉండే కళ్లెం తెంపేస్తారు. అయితే వీళ్లూ వాళ్లూ వచ్చే దారి ఒకటే, ఒకరి ఒంటి నుంచి ఇంకొకరి ఒంటికి. ఎవరి నుంచి, ఎప్పుడు అన్నది మాత్రం ఏ పరీక్షా చెప్పలేదు.

గుమ్రన్ ఎరిగిన మగాడు ఒక్కడే. లెక్కపెట్టడానికి వేళ్లు కూడా అక్కర్లేదు.

ఇంట్లో ఇవేవీ చెప్పలేదు. గర్భసంచి మూతి దగ్గర చిన్న కోత ఉందని, ఫలానా తేదీన అని మాత్రం చెప్పి ఊరుకుంది. ఆ తేదీ సరిగ్గా కిమ్జాంగ్ రోజున పడింది. చలికాలం మొత్తానికి ఇంటిల్లిపాదీ కిమ్చి, అంటే కారం పట్టించిన క్యాబేజీ ఊరగాయ, పట్టే రోజు. ఆ రోజున కోడలు గడప దాటితే ఏడాది పొడుగునా చెప్పుకుంటారు.

ఆ ఉదయం వాకిట్లో మూడొందల క్యాబేజీలు ఉప్పులో నాని సిద్ధంగా ఉన్నాయి. చుట్టాల ఆడవాళ్లు ఎర్ర రబ్బరు తొడుగులు వేసుకుని కారం కలుపుతున్నారు. గుమ్రన్ కోటు వేసుకుని, సంచి పట్టుకుని బయటికి వచ్చింది. కోతకు ఇంటివాళ్లు ఒకరు సంతకం పెట్టాలి, పద అంది మొగుణ్ణి.

అత్త క్యాబేజీ మీంచి తల ఎత్తలేదు. "ఆ రోగం నలుగురు మగాళ్ల దగ్గరికి పోయినదానికి వస్తుందంట. మా ఇంటా వంటా లేదమ్మా."

పిల్‌గ్యు గొంతు సవరించుకున్నాడు. "ఫోన్ చేసి తేదీ మార్చుకోవే. పాతికేళ్లుగా లోపల పడుకున్నదే కదా. ఇంకో నెల పడుకోలేదా?"

గుమ్రన్ ఆగింది. "పాతికేళ్లని నీకెవరు చెప్పారు?"

వాకిట్లో చేతులన్నీ ఆగిపోయాయి.

"నేను చెప్పలేదు. డాక్టరమ్మను నువ్వు చూడనే లేదు. ఎవరు చెప్పారయ్యా?"

నసిగాడు, నీళ్లు నమిలాడు, చివరికి కక్కాడు. పెళ్లికి ముందు, సైన్యంలో ఉన్నప్పుడు ఒకసారి ఇవే పులిపిర్లు లేచాయట. అక్కడి డాక్టరు కాల్చేసి, పైకి పోయినా ఒంట్లో ఉండొచ్చు, పెళ్లాడే పిల్లకు చెప్పు అన్నాడట.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా," అన్నాడు ఊరిపెద్ద.

అత్త చేతిలో క్యాబేజీ ఒక్కో రేకూ విప్పుతోంది, అందులో ఏదో పోయినట్టు. పెద్దాడపడుచు మ్యోంగ్‌హి లేచింది. రబ్బరు తొడుగులు లాగి తమ్ముడి ఒళ్లో పడేసింది.

"వేసుకో. కారం దట్టంగా రాయి. నీ చేత్తో ఒక్క పనైనా శుభ్రంగా చెయ్యి." తర్వాత మరదలి వైపు తిరిగింది. "సంతకం నేను పెడతా. కారెక్కు."

కోత సజావుగా అయింది. తీసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయని, ఆరు నెలలకు మళ్లీ రమ్మని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట గుమ్రన్ ఇంట్లో వదినకు మాత్రమే చెప్పింది. మొగుడి పరుపు తీసుకెళ్లి ఎరువుల బస్తాలుండే కొట్టంలో పడేసింది. ఎన్నాళ్లిలా అని అడిగాడు పిల్‌గ్యు.

"ముందు చర్మం డాక్టరు దగ్గరికి పోయి చూపించుకుని రా. ఆ తర్వాత ఆలోచిస్తా," అంది. "పోయేటప్పుడు మీ అమ్మను వెంట తీసుకెళ్లు. ఆవిడకీ ఆ దారి తెలియదేమో."